ఓడ మీద పాటల పెట్టె

ఓడ మీద పాట వినోదంగా పుట్టలేదు, పనిముట్టుగా పుట్టినది. గోదావరి కాలువలలో గాలి పడిపోయినప్పుడు తాడు భుజాన వేసికొని గట్టు వెంట పడవను లాగుకొనిపోయిన కళాసీకి, తీరాన అలివి వల లాగే జాలరికి, నడిసముద్రంలో తెరచాప ఎత్తే నావికునికి పాట అంటే ముందుగా ఒక తాళం. పదిమంది చేతులు ఒకే క్షణంలో ఒకే ఊపున లాగవలెనంటే ఆ క్షణం ఇదేనని ఎవరో ఒకరు గొంతెత్తి చెప్పవలె. మన హైలెస్సా చెప్పేది అంతే. ఇంగ్లీషు సరకు నౌకలలో తాళ్ల దగ్గర ఒకడు ఎత్తుకొని మిగిలినవారు అందుకొన్న పాటలూ చెప్పినది అంతే.

అయితే ఆ కాలంలోనే ఇంగ్లీషు నౌకలలో ఈ విషయమై రెండు పద్ధతులుండేవి. సరకు నౌకలో మనుషులు తక్కువ, పని ఎక్కువ; అక్కడ పాడించి పని చేయించుకొన్నారు. యుద్ధనౌకలో మనుషులకు కొదవ లేదు. కాని అధికారి ఆజ్ఞ ప్రతివాని చెవినీ పడవలె. అందుచేత బ్రిటిష్ యుద్ధనౌకలలో పనిపాటలను సాగనిచ్చేవారు కారు. లంగరు గొలుసు చుట్టే చక్రాన్ని తిప్పేటప్పుడు ఒక ఫిడేలు, లేకపోతే ఒక పిల్లనగ్రోవి. అంతకు మించి లేదు. ఓడ మీద నావికుని చెవి ఎవరి సొత్తు, అతనిదా, ఓడదా అన్న తగాదా అప్పటిది. ఆవిరి యంత్రం వచ్చి తాడు లాగే పని తగ్గించగానే పనిపాట అణగిపోయినది గాని, తగాదా పోలేదు. పాటను పెట్టెలో పెట్టి ఓడ మీదికి ఎక్కించిన నాటినుండి అది వేరు రూపాలు ధరించినది. ఆ కథే ఇక్కడ చెప్పదలచినది.

పెట్టె రాకముందటి మాట ఒకటి చెప్పి ముందుకు పోదాము. ప్రపంచాన్ని ఒంటరిగా పడవలో చుట్టివచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకం. 1895లో బోస్టను నుండి బయలుదేరి 1898లో తిరిగివచ్చినాడు. మాట్లాడే తోడు లేక గొంతు పోతుందేమోనని ఆయనకు భయం పట్టుకొన్నది. క్రింది గదిలో కూర్చుండి, చుక్కాని దగ్గర లేని మనిషిని, పడవ ఏ దిక్కుగా పోతున్నదని కేకవేసి అడిగేవాడు. జవాబు రాదు. ఆ శూన్యంలో తన గొంతే తనకు డొల్లగా వినిపించి ఆ అలవాటు మానుకొని పాడడం మొదలుపెట్టినాడు. తన పాటకు సముద్రపు పందులు ఎగిరి దుమికినవనీ, తాబేళ్లు తలలెత్తి చూచినవనీ స్వయంగా వ్రాసుకొన్నాడు. ఎడిసను మాట్లాడే యంత్రం కనిపెట్టి అప్పటికి పద్దెనిమిదేండ్లు. అయినా స్లోకం పడవలో పాట ఉన్నది ఆయన గొంతులోనే.

పెట్టె నిజంగా ఓడ ప్రయాణంలో పేరు తెచ్చుకొన్నది దక్షిణధ్రువ యాత్రలలో. 1910లో కెప్టెన్ స్కాట్ "టెర్రా నోవా" నౌకలో బయలుదేరినప్పుడు గ్రామఫోన్ కంపెనీవారు రెండు గ్రామఫోనులు, కొన్ని వందల రికార్డులు కానుకగా ఇచ్చినారు. ధర్మబుద్ధితో పాటు వ్యాపారబుద్ధి కూడా ఉన్నదనుకోవచ్చును. యాత్రా ఛాయాచిత్రకారుడు పాంటింగ్, క్రిస్ అనే కుక్కను గ్రామఫోను బాకా ముందు కూర్చుండబెట్టి 1911లో తీసిన చిత్రం ఆ కంపెనీ ముద్రలోని కుక్కను చూచినవారికి వేరే వ్యాఖ్య లేకుండానే అర్థమవుతుంది. కాని నెలల తరబడి సూర్యుడు కనిపించని ఆ చలిరాత్రులలో, భోజనానంతరం తిరిగిన ఆ రికార్డు ప్రకటన కాదు. అది ఇల్లు. ఆ గుంపు నుండి ధ్రువానికి పోయిన అయిదుగురూ, స్కాట్‌తో సహా, 1912లో తిరుగుదారిలో ప్రాణాలు విడిచినారు.

నాలుగేండ్లు తిరుగకముందే షాకిల్టన్ యాత్ర వచ్చినది. ఆయన ఓడ "ఎండ్యూరెన్స్" మంచులో చిక్కి నలిగిపోగా, 1915 అక్టోబరులో దానిని వదలి మంచు మీదికి దిగినారు. మనిషికి రెండు పౌనుల సొంత సామాను మాత్రమే తీసికొనవలెనని నాయకుని ఆజ్ఞ. బంగారు నాణేలను ఆయనే మంచుమీద పారవేసి చూపినాడు. అటువంటి వేళ హస్సీ అనే యువకుని బాంజోను మాత్రం పట్టుబట్టి వెంట తీసికొని రమ్మన్నాడు. మనసుకు అది మందు అన్నాడు. ఎలిఫెంటు దీవిలో ఇరువది ఇద్దరు మనుషులు బోర్లించిన రెండు పడవల క్రింద నాలుగున్నర నెలలు తలదాచుకొన్నప్పుడు శనివారం రాత్రులు ఆ బాంజో మోగినది. 1916 ఆగస్టు 30న సహాయనౌక వచ్చేసరికి అందరూ బ్రతికి ఉన్నారు. అంతా బాంజో మహిమ అనడం అతిశయోక్తి. కాని ఒక సంగతి మాత్రం గమనింపదగినది. ఆనాటి గ్రామఫోను బరువైనది. రికార్డు పడితే పగులుతుంది. ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క ఉక్కుముల్లు మార్చవలె. పెట్టెలోని పాట ఓడ ఉన్నంతవరకే. ఓడ పోయినాక మనిషి చేతివ్రేళ్లలో ఉన్న పాటే మిగిలినది.

ఈ లోపాన్ని తీర్చబోయినది 1914లో లండనులో అమ్మకానికి వచ్చిన "డెక్కా" చేతిపెట్టె. మూతలోనే బాకా పనిచేసే ఏర్పాటు. పిడి పట్టుకొని మోసికొనిపోవచ్చును. మొదటి ప్రపంచయుద్ధపు కందకాలలోనికి పోయినది, తరువాత నదీవిహారపు పడవలలోనికీ ఎక్కినది. రికార్డు మాత్రం అదే. నిమిషానికి 78 చుట్లు, పది అంగుళాల పలకకు ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాట. ఆ పలకకు ప్రాణం మన దేశపు లక్క. మోదుగ వంటి చెట్లపై లక్కపురుగు అల్లిన బంకను శుద్ధిచేసి, రాతిపొడి కలిపి అచ్చొత్తితే రికార్డు. ఒడ్డున బల్లమీద హాయిగా పాడే ఆ యంత్రానికి ఓడ ఊగితే మాత్రం కష్టమే. ముల్లు జారి గాడి దాటుతుంది. మూడు నిమిషాల పాటలో మూడుసార్లు లేచి ముల్లు సరిచేయవలె. ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పడుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో లక్క యుద్ధపు పనులకు అవసరమై కరవైనప్పుడు అమెరికా సైన్యం 1943 నుండి 1949 వరకు పగలని పదార్థంతో ప్రత్యేకంగా రికార్డులు చేయించి విదేశాలలోని తన భటులకు, నావికులకు పంపినది. ఓడలలో సినిమా సంగతి చెప్పవలసినది కొంచెమే. 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, గోడకు కట్టిన దుప్పటి, ఇతర ఓడలతో మార్చుకొనే ఫిల్ము పెట్టెలు. తరువాత వీడియో టేపులు. ఎట్లయినా అది అందరూ కలిసి చూచే బొమ్మ.

అసలు మార్పు ట్రాన్సిస్టరుతో వచ్చినది. దీపపు గొట్టాలతో పనిచేసే రేడియోకు పెద్ద బ్యాటరీలు కావలె; చిన్న పడవకు అది భారం. 1954లో అమెరికాలో నాలుగు ట్రాన్సిస్టర్లతో జేబులో పట్టే రేడియో వెలువడినది. కొన్నేండ్లలో మన కోరమండల తీరపు పడవలలో కూడా, తోలుసంచి తొడిగిన ట్రాన్సిస్టరు చేపల బుట్ట ప్రక్కన కనిపించసాగినది. రేడియో ఉద్యోగిని కనుక ఇక్కడ నాకు కొంత పక్షపాతం ఉన్నదని పాఠకులు అనుకోవచ్చును. కాని భేదం నిజమైనది. పాటల పెట్టెలో ఉన్నది రేవులో ఎక్కించుకొన్న నిన్నటి గొంతు. రేడియోలో వచ్చేది ఈ క్షణపు గొంతు. పాటల మధ్య జాలరులకు వాతావరణ హెచ్చరిక వినిపించేది రేడియో మాత్రమే. రికార్డుకు తుపాను తెలియదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వేయిమందికి పైగా చనిపోయినారు. వేటకు పోయి తిరిగిరాని జాలరులు అందులో ఎందరో. హెచ్చరిక అందడం, అందకపోవడం అన్నది మన తీరాన పుస్తకాలలోని సమస్య కాదు.

ఫిలిప్స్ కంపెనీవారు 1963లో క్యాసెట్టును వెలువరించినారు. ఊపుకు ముల్లు జారే బాధ దానితో తీరినది. పడవకు ఇంతకంటె అనువైన పాటల పెట్టె అంతకుముందు లేదు. తేమకు టేపు చక్రానికి అంటుకొని చుట్టుకొనేది నిజమే గాని, పెన్సిలు ఒకటి ఉంటే సరిచేసికొనవచ్చును. తరువాత 1979 జూలైలో జపానులో సోనీవారు "వాక్‌మన్" అమ్మకానికి పెట్టినారు. పాట ఇక గదిలో కాదు, చెవిలో. ఆ మొదటి యంత్రాన్ని గురించి చాలామంది మరచిపోయిన సంగతి ఒకటి ఉన్నది. ఒకరే వినడం మర్యాద కాదేమోనని దానికి చెవిగొట్టాలు రెండు జతలు తగిలించే వీలు పెట్టినారు. ప్రక్కవానితో మాట్లాడవలసివస్తే పాటను తగ్గించి మాట వినిపించే నారింజరంగు మీట ఒకటి అమర్చినారు. జనం ఆ మీటను కోరలేదు. తరువాతి నమూనాలలో అది మాయమైనది. నా దృష్టిలో ఈ చరిత్రకు అదే మలుపు. హైలెస్సాలో పదిమందీ గొంతు కలిపినారు. గ్రామఫోను చుట్టూ పదిమందీ మౌనంగా కూర్చున్నారు. ఇప్పుడు పదిమందీ పది పాటలు.

ఇంట్లో దీనివలన నష్టమేమీ లేదు. పడవలో ఉన్నది. తెరచాప అంచు రెపరెపలాడడం, క్రింద నీరు చేరిన చప్పుడు, చుక్కాని కొయ్య కిర్రుమనడం, ఇవి కంటికంటె ముందు చెవికి తెలుస్తవి. 1972లో కుదిరి, 1977 జూలై 15 నుండి అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నౌకా సంఘర్షణ నివారణ నియమాలలో అయిదవది ఈ మాటే శాసనం చేసినది: ప్రతి నౌకా ఎల్లవేళలా చూపుతోనూ, వినికిడితోనూ కాపలా ఉండవలె. పొగమంచులో కదలిపోయే యంత్రనౌక రెండు నిమిషాలకు మించని వ్యవధిలో ఒక దీర్ఘమైన కూత వేయవలెనని మరొక నియమం. చెవులు మూసికొన్నవానికి ఆ కూత ఎవరు వేసినట్లు? బొమ్మల పెట్టె మరొక చిక్కు తెచ్చినది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడడానికి ఇరువది, ముప్పది నిమిషాలు పడుతుంది. కాపలా వంతులో ఉన్నవాడు వెలుగుతున్న తెరను ఒక్క నిమిషం చూచినా ఆ అలవాటు చెడి, ఎదుట వచ్చే చిన్న దీపం కనబడదు. మూడవది ఇంకా చిత్రం. స్పీకరుతో మాట్లాడే పెట్టెలో సాధారణంగా అయస్కాంతం ఉంటుంది. దానిని దిక్సూచి ప్రక్కన పెడితే సూది ప్రక్కకు తొలగుతుంది; పాట వింటూ తప్పుదారిని పోవచ్చును. పడవవారు స్పీకరును దిక్సూచికి దూరంగా బిగించేది ఇందుకే.

2010 జూలై 7న అమెరికాలో ఫిలడెల్ఫియా వద్ద డెలవేరు నదిలో, చెడిపోయి లంగరు వేసికొన్న ఒక విహారపు పడవను ఒక లాగుడు నౌక ప్రక్కన కట్టుకొని తెస్తున్న బల్లకట్టు గుద్దినది. పడవలోని ముప్పది ఏడుగురిలో ఇద్దరు విదేశీ విద్యార్థులు చనిపోయినారు. ప్రమాదం చూచుకొని పడవవారు రేడియోలో పిలిచినారు, జవాబు రాలేదు. లాగుడు నౌకను నడుపుతున్న అధికారి పాట వినడం లేదు, సినిమా చూడడం లేదు. కుమారునికి వచ్చిన ఆపదను గురించి ఇంటివారితో ఫోనులో మాట్లాడుతూ, ఒళ్లోని కంప్యూటరులో సమాచారం వెదకుతూ ఉన్నాడు. శిక్ష పడినది. తండ్రిగా అతడు చేసినదానిని తప్పుపట్టడం నాకు చేతకాదు. కాని ఆ నిమిషాలలో అతని చెవి ఇంటిది అయిపోయినది, ఓడది కాలేదు.

ఆ తరువాతి యంత్రాలను గురించి క్లుప్తంగా చెప్పినా చాలును. 1984లో చేతిలో పట్టే సీడీ యంత్రం వచ్చి పడవ ఊపుకు మళ్లీ పాత గ్రామఫోనులాగే గంతులు వేసినది. 2001 అక్టోబరులో వేయి పాటలు పట్టే ఐపాడ్ వచ్చినది. 2005లో దానికి బొమ్మలూ వచ్చినవి. 2022లో దాని తయారీయే ఆగిపోయినది. ఆ పని ఇప్పుడు జేబులోని ఫోనే చేస్తున్నది.

విచిత్రమేమిటంటే, ఈ యంత్రాలన్నీ వచ్చిన తరువాత ఒక పోటీవారు వాటిని పడవ ఎక్కనివ్వలేదు. 1968లో బొంబాయిలో కట్టిన "సుహైలి" అనే టేకు పడవలో బయలుదేరి, ఎక్కడా ఆగక, ఒంటరిగా భూమిని చుట్టి 1969 ఏప్రిలులో ఇల్లు చేరినవాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. ఆ పోటీకి ఏబదేండ్లయిన సందర్భంలో 2018లో అదే పద్ధతిలో గోల్డెన్ గ్లోబ్ పోటీ జరిపినారు. 1968 నాటి సాధనాలే వాడవలె. దారి తెలిపే ఉపగ్రహ యంత్రం లేదు, కంప్యూటరు లేదు, ఐపాడ్ లేదు, సీడీ లేదు. పాట కావలసినవారు క్యాసెట్టు తెచ్చుకొనవచ్చును. మన నౌకాదళపు అభిలాష్ టామీ ఆ పోటీలో "సుహైలి" నమూనాగా గోవాలో కట్టిన "తురీయ"లో పోయి, సెప్టెంబరులో హిందూమహాసముద్రపు తుపానులో కొయ్యస్తంభం విరిగి, వెన్నెముక దెబ్బతిని, మూడు రోజులు పడవలోనే పడి ఉండి ఒక ఫ్రెంచి నౌక చేత రక్షింపబడినాడు. అదే పోటీ 2022లో మళ్లీ జరిగినప్పుడు మళ్లీ పోయినాడు. ఈసారి 236 రోజులకు, 2023 ఏప్రిల్ 29న ఫ్రాన్సు రేవు చేరి రెండవవాడైనాడు. రెండు రోజుల ముందే చేరిన దక్షిణాఫ్రికా వనిత కిర్‌స్టెన్ న్యూషేఫర్‌ది మొదటి స్థానం. పదునారు మంది బయలుదేరిన ఆ పోటీలో అసలు తరగతిలో గమ్యం చేరినది ముగ్గురే. ఎనిమిది నెలల ఆ ఒంటరితనానికి పాట కావలసినవారు, అంగళ్లలో అరుదైపోయిన క్యాసెట్టు పెట్టెను వెదకి తెచ్చుకొని, దానిని దిక్సూచికి దూరంగా పెట్టుకొని బయలుదేరవలసివచ్చినది.