కారులో మంద్రధ్వని – పెట్టె, యాంప్లిఫయరుల కథ

మృదంగపు కుడి ముఖమున పలికిన నాదము చిన్న రేడియోలో సైతము చక్కగా వినిపించును. ఎడమ ముఖపు గంభీరనాదము మాత్రము అందు మిక్కిలి బలహీనపడును. కారణమేమి? సెకనుకు 40 కంపనములు గల ధ్వని యొక్క తరంగదైర్ఘ్యము గాలిలో సుమారు 8.5 మీటర్లు. అట్టి మంద్రధ్వనిని గట్టిగా పుట్టింపవలెనన్న చాల గాలిని కదలింపవలెను. ఇందులకై ఏర్పడిన స్పీకరే సబ్‌వూఫరు. దీనిని, దీనికి తగిన యాంప్లిఫయరును ఎన్నుకొనువారికి వాటి చరిత్రయే మంచి మార్గదర్శి.

1925లో రైస్, కెల్లాగ్ అను ఇరువురు అమెరికను ఇంజనీర్లు, అయస్కాంత క్షేత్రమున కదలు తీగచుట్టతో కాగితపు శంకువును కంపింపజేయు స్పీకరును వివరించిరి. నేటి సబ్‌వూఫరును ఈ సూత్రముపైననే పనిచేయుచున్నది. శంకువు ముందు గాలిని ఒత్తునపుడు వెనుక గాలిని పలుచబరచును. ఈ రెండు అలలు కలిసినచో మంద్రధ్వని చాలవరకు రద్దగును. కనుకనే పెట్టె అవసరమైనది.

మొదట మంద్రధ్వనికి బీరువాల వంటి పెట్టెలు వాడిరి. 1954లో ఎడ్గార్ విల్చర్ ఈ పద్ధతిని మార్చెను. ఆయన చిన్న పెట్టెను గాలి చొరకుండ మూసి, లోపలి గాలినే శంకువునకు స్ప్రింగుగా వాడెను. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ రంధ్రము గల పెట్టెలకు గణితము సమకూర్చెను. 1972–73లో రిచర్డ్ స్మాల్ దానిని విస్తరింపజేసెను. స్పీకరు అనునాద పౌనఃపున్యము, ఆ కంపనము ఎంత త్వరగా అణగునో తెలుపు సంఖ్య, స్పీకరు బిగువుతో సమానమైన బిగువు గల గాలి ఘనపరిమాణము – ఈ మూడును తెలిసినచో, తగిన పెట్టె కొలతలను కాగితముపైననే లెక్కింపవచ్చును.

ఇచట ప్రకృతి ఒక షరతు విధించినది. చిన్న పెట్టె, లోతైన మంద్రము, అధిక సామర్థ్యము – ఈ మూడింటిలో రెండే లభించును. దీనికి హాఫ్‌మన్ నియమమని పేరు. కారు డిక్కీలో చోటు తక్కువ. కనుక మనము వదలుకొనునది సామర్థ్యము. ఆ లోటును యాంప్లిఫయరు శక్తితో పూరింపవలెను.

ఆ శక్తి ఎచటినుండి వచ్చును? 1930లో పాల్ గాల్విన్ సంస్థ మోటరోలా కారు రేడియోను విపణికి తెచ్చినపుడు, వాల్వులకు కావలసిన అధిక వోల్టేజి ఒక సమస్య. ట్రాన్సిస్టరులు వచ్చిన పిమ్మట ఆ చిక్కు తీరినను, వేరొకటి మిగిలినది. ఇంజను నడచునపుడు కారులో లభించునది సుమారు 14 వోల్టులు. దీని నుండి నేరుగా పొందదగు ఏకాంతర వోల్టేజి విలువ సుమారు 10 వోల్టులు. 4 ఓముల స్పీకరునకు 10 × 10 ÷ 4 = 25 వాట్టులు; నష్టములు పోగా ఇంకను తక్కువ. కావున పెద్ద యాంప్లిఫయరులు లోపల వోల్టేజిని పెంచుకొనును. 80 శాతము సామర్థ్యముతో 500 వాట్టులు ఇచ్చు యాంప్లిఫయరు బాటరీ నుండి సుమారు 45 ఆంపియర్లు గ్రహించును. లావైన తీగ, బాటరీ చెంతనే ఫ్యూజు లేకున్నచో నిప్పు అంటుకొనవచ్చును.

అట్టపెట్టెపై పెద్ద అక్షరములతో ముద్రించు వాట్టులు తరచుగా క్షణకాలపు గరిష్ఠవిలువలు. నిరంతరముగా ఇచ్చు శక్తినే చూడవలెను. శక్తిని రెట్టింపు చేసినను ధ్వని 3 డెసిబెల్‌లే పెరుగును. చిన్న యాంప్లిఫయరును మితిమీరి పెంచినచో అలల శిఖరములు తెగిపోయి ధ్వని చెడును. తీగచుట్టయు వేడెక్కి కాలిపోవచ్చును.

చెవికి కూడ హద్దు కలదు. 85 డెసిబెల్‌ల ధ్వనిని రోజునకు 8 గంటలు వినవచ్చునన్న ప్రమాణము ప్రకారము, ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ కాలము సగమగును. 100 డెసిబెల్‌లకు మిగులునది 15 నిమిషములే. చెడిన స్పీకరును మార్చవచ్చును గాని, నశించిన వినికిడిని తిరిగి తెచ్చుకొనలేము.

కాబట్టి మొదట చోటును కొలువవలెను. పిదప ఆ చోటికి సరిపడు స్పీకరును, దాని ఓములకును నిరంతర శక్తికిని తగిన యాంప్లిఫయరును ఎన్నుకొనవలెను. పాఠశాలలో నేర్చిన ఓము నియమము తెలిసిన విద్యార్థిని అట్టపెట్టెపై అంకెలు మోసగింపజాలవు.