విరిచి తెలుసుకున్న బంధం

చక్కెర అణువులు ఒకదానితో ఒకటి ముడిపడతాయన్న సంగతి మనిషికి మొదట తెలిసింది ఆ ముడి ఊడినప్పుడే. 1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గాట్లీబ్ కిర్కాఫ్ తుమ్మబంకకు బదులు వాడదగ్గ జిగురు కోసం వెతుకుతూ, గంజిపిండిని నీటిలో కలిపి, కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చి మరిగించాడు. జిగురుకు బదులు తియ్యటి పాకం వచ్చింది. వేసిన ఆమ్లం వేసినట్టే మిగిలింది. నెపోలియన్ ఆంక్షలతో చెరకు చక్కెర ఐరోపాలో కరువైన కాలమది. పిండి నుంచి చక్కెర తీసే పని త్వరలోనే వ్యాపారమైంది.

పాకం కంటే విలువైన సంగతి తూకంలో బయటపడింది. పిండి బరువు కంటే దాని నుంచి వచ్చిన చక్కెర బరువు ఎక్కువని, ఆ అదనం నీటిదేనని జెనీవా శాస్త్రజ్ఞుడు థియోడోర్ ద సోస్యూర్ తేల్చాడు. ఇప్పటి లెక్కలో 162 గ్రాముల పిండి 18 గ్రాముల నీటిని కలుపుకుని 180 గ్రాముల గ్లూకోజ్ అవుతుంది. 1819లో ఫ్రాన్స్‌లో ఆన్రీ బ్రాకొనో నారబట్ట పేలికల నుంచి కూడా ఆమ్లంతోనే చక్కెర తీశాడు. వినడానికి గారడీలా ఉన్నా, బట్టలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే.

నీరు చేరితే విడిపోయేది, నీరు పోతే కలవాలి. రెండు గ్లూకోజ్ అణువులు కలిసేటప్పుడు వాటి హైడ్రాక్సిల్ సమూహాల నుంచి ఒక నీటి అణువు తొలగిపోతుంది; మిగిలిన ఆక్సిజన్ పరమాణువు రెంటికీ మధ్య వంతెనగా నిలుస్తుంది. ఇదే గ్లైకోసైడిక్ బంధం. 1893లో ఎమిల్ ఫిషర్ గ్లూకోజ్‌ను మిథైల్ ఆల్కహాల్‌తో ఇలాగే కలిపి చూపాడు. 1920లలో ఇంగ్లండ్‌లో నార్మన్ హావర్త్ బృందం, మాల్టోజ్‌లో ఒక గ్లూకోజ్ మొదటి కార్బన్ రెండోదాని నాలుగో కార్బన్‌కు అతుక్కుంటుందని తేల్చింది. పిండిలోనూ సెల్యులోజ్‌లోనూ ప్రధానంగా ఉన్నది ఈ ఒకటి–నాలుగు బంధమే. తేడా అల్లా అది తిరిగి ఉన్న దిశలో. పిండిలోది ఆల్ఫా, సెల్యులోజ్‌లోది బీటా. మన లాలాజలంలోని ఎంజైమ్ మొదటిదాన్నే తెంచగలదు. అందుకే అన్నం అరుగుతుంది, దూది అరగదు.

అయితే, విరిచి నేర్చుకున్న పాఠం ఒకచోట దారి తప్పించింది. జంతువుల దేహంలో నిల్వ ఉండే గ్లూకోజ్ గొలుసు గ్లైకోజన్. దాన్ని విడగొట్టే ఎంజైమే కణంలో దాన్ని కడుతుందని చాలాకాలం అనుకున్నారు. పరీక్షనాళికలో అది రెండు పనులూ చేసింది మరి. కానీ నీటితో నిండిన కణంలో నీటిని తొలగించి బంధం వేయడం అంత తేలిక కాదు, శక్తి ఖర్చవుతుంది. బ్యూనోస్ ఐరిస్‌లో లూయిస్ లెలోయిర్ బృందం అసలు దారి కనిపెట్టింది. గ్లూకోజ్ ముందుగా యూరిడిన్ డైఫాస్ఫేట్ అనే అణువుకు తగులుకుంటుంది. అక్కడి నుంచి మరో ఎంజైమ్ దాన్ని తీసి గొలుసు చివర చేరుస్తుంది. ఈ పనికి లెలోయిర్‌కు 1970లో నోబెల్ బహుమతి వచ్చింది.