తంతి మీద జరిగిన మహాసభ

సభ జరుగవలెనన్న సభ్యులందరు ఒకచోట చేరవలెను. ఇది అనాదిగా వచ్చుచున్న ఆచారము. 1916వ సంవత్సరము మే నెల 16వ తేదీన అమెరికాలోని విద్యుత్ ఇంజనీర్లు ఈ ఆచారమును దాటి ఒక ప్రయోగము చేసినారు. ‘అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలెక్ట్రికల్ ఇంజనీర్స్’ ఆనాడు జరిపిన సభలో అయిదు వేలమందికి పైగా పాల్గొన్నారు. కాని వారు కూర్చున్నది ఒక మందిరములో కాదు, ఎనిమిది నగరములలో! తూర్పున న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా, ఆగ్నేయమున అట్లాంటా, నడుమ చికాగో, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ, పశ్చిమ తీరమున శాన్‌ఫ్రాన్సిస్కో. సభ్యుల ఆసనముల వద్ద టెలిఫోను రిసీవర్లు అమర్చబడినవి.

ఇది ఎట్లు సాధ్యమైనది? గ్రహాం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినది 1876లో. కాని తీగ పొడవు పెరిగిన కొలది మాట నీరసించెడిది. తీగ నిరోధము వలన విద్యుచ్ఛక్తి కొంత వేడిగా మారి నశించును. అంతేకాక జంట తీగలు కెపాసిటర్ వలె పనిచేయుటచేత హెచ్చు పౌనఃపున్యము గల ధ్వనులు ఎక్కువగా క్షీణించును. అందుచేత మాట సన్నగిల్లుటయే కాక అలుక్కుపోవును.

తీగకు ప్రేరకత్వము చేర్చినచో ఈ దోషము తగ్గునని ఆంగ్లేయుడు ఆలివర్ హెవిసైడ్ సిద్ధాంతరీత్యా చూపినాడు. తీగ వెంట నియమిత దూరములలో తీగచుట్టలను అమర్చు పద్ధతికి మైఖేల్ ప్యూపిన్ 1900లో పేటెంటు పొందినాడు. ఈ చుట్టల సాయముతో 1911 నాటికి న్యూయార్క్ మాట డెన్వర్ వరకు చేరినది. చుట్టలు నష్టమును తగ్గించునే కాని పోయిన బలమును తిరిగి ఇయ్యలేవు. ఆ పని శూన్యనాళిక చేసినది. లీ డి ఫారెస్ట్ 1906లో నిర్మించిన ‘ఆడియాన్’ నాళికలోని గాలిని ఇంకను పూర్తిగా తొలగించి హెరాల్డ్ ఆర్నాల్డ్ దానిని మెరుగుపరచినాడు. దారిలో అక్కడక్కడ ఇట్టి నాళికలు మాటకు కొత్త బలము పోయగా, 1915 జనవరి 25న న్యూయార్క్‌లోని బెల్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని తన పాత సహాయకుడు వాట్సన్‌తో మాటలాడినాడు.

మరుసటి సంవత్సరమే పై సభ. న్యూయార్క్‌లో రాత్రి 8-30 గంటలకు అధ్యక్షుడు జాన్ కార్టీ సభ ప్రారంభించునప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకను పొద్దు క్రుంకలేదు. మొదటి పని హాజరు. కార్టీ ఒక్కొక్క నగరమును పేరుపెట్టి పిలువగా, అక్కడి అధ్యక్షుడు ఎందరు వచ్చినదియు చెప్పినాడు. పిమ్మట ఉపన్యాసములు. నడుమ కొంతసేపు తంతిని విడిచి, ప్రతి నగరము తన మందిరములోనే తన వక్తల మాటలు విన్నది. గ్రామఫోను సంగీతము కూడ తీగల మీద సాగినది.

పాఠకులు ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. శబ్దమును మోయుట తీగ పని. కాని శబ్దము వినిపించినంత మాత్రమున సభ కాదు. ఎవరును కనిపించని చోట, తమ ఉనికి ఇతరులకు తెలియుననియు, తమకొక వంతు కలదనియు సభ్యులకు నమ్మకము కలుగవలెను. హాజరు, స్థానిక ఉపన్యాసములు ఇందుకే తోడ్పడినవి.

లోపములును లేకపోలేదు. డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ సభ్యులు వినుటయే కాని మాటలాడుటకు వీలు లేకపోయినది. వారు తమ హాజరును, శుభాకాంక్షలను టెలిగ్రాము ద్వారా పంపినారు. న్యూయార్క్, ఫిలడెల్ఫియా మందిరములలో చోటు చాలదని స్త్రీలను ఆహ్వానింపలేదు. వేల మైళ్ల దూరమును జయించినవారు గుమ్మము వద్దనున్న దూరమును జయింపలేదు!

2020లో కరోనా వ్యాధి వలన పాఠశాలలు, కార్యాలయములు మూతపడినప్పుడు ఇదే సమస్య తిరిగి ఎదురైనది. బొమ్మ, మాట రెండును క్షణములో చేరినవి; అయినను తెర వెనుక మౌనముగా మిగిలిపోయినవారు ఎందరో. దూరము నుండి పాఠము చెప్పు ఉపాధ్యాయునికి, సభ నడుపు అధికారికి 1916 నాటి సభ నేర్పునది ఇదే: ముందు ప్రతివారిని పేరుతో పిలువవలెను, నడుమ చిన్న బృందములకు తమ పని తమకు ఒప్పగింపవలెను, మాటలాడ వీలులేని వారికి మరొక దారిలో బదులు పంపు అవకాశము ఇయ్యవలెను. బలహీనపడిన ధ్వనికి దారిలో బలము పోయుట శూన్యనాళిక నేర్చినది. వెనుకబడిన శ్రోతకు ఆ బలము పోయవలసినది సభ నడుపువారే.