గంట మోగించడం నుంచి దారి విడవడం వరకు

బ్రిటన్‌లో సైకిలు తొక్కేవారు పాదచారులను ఎలా దాటాలో చట్టం చెప్పడానికి ముందు, అసలు సైకిలు బండి కిందికి వస్తుందా రాదా అన్న చిక్కు తేలవలసి వచ్చింది. రోడ్డు పక్కన నడకకు కేటాయించిన కాలిబాటపై బండ్లు తోలడాన్ని 1835 నాటి రహదారుల చట్టం నిషేధించింది గాని, అప్పటికి పెడళ్ల సైకిలు వాడుకలో లేదు కనుక అందులో దాని ప్రస్తావన లేదు. విపరీతమైన వేగంతో బండి తోలడాన్ని శిక్షించే నిబంధన సైకిలుకూ వర్తిస్తుందని 1879లో టేలర్, గుడ్విన్‌ల వ్యాజ్యంలో న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం సైకిళ్లను బండ్లుగానే ప్రకటించింది.

ఆ చట్టపు 85వ సెక్షన్ ప్రకారం, ముందు వెళ్తున్న బండిని, గుర్రాన్ని, పాదచారిని దాటబోయే సైకిలిస్టు తగినంత దూరం నుంచే గంటతోనో ఈలతోనో మరో విధంగానో వినబడేలా హెచ్చరించాలి. ఇక్కడ పాదచారి అంటే బండ్లు తిరిగే దారిలోనే నడుస్తున్నవాడు. నాటి రోడ్డే అందరి ఉమ్మడి బాట అనడానికి ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. అయితే హెచ్చరిక రాకను తెలుపుతుందే తప్ప ఎవరు ఆగాలో చెప్పదు, పైగా పక్కకు తప్పుకునే భారం నడిచేవాడి మీదే పడే ప్రమాదముంది. ఈ నిబంధనను 1930 నాటి రోడ్డు రవాణా చట్టం తొలగించింది.

అసలైన మలుపు 1968లో వచ్చింది. గుర్రాలకూ నడకకూ ఉద్దేశించిన గుర్రపుబాటలపై సైకిళ్లను అనుమతిస్తూ, నడిచేవారికీ గుర్రపు రౌతులకూ సైకిలిస్టే దారి విడవాలని ఆ ఏటి గ్రామీణ ప్రాంతాల చట్టం 30వ సెక్షన్ షరతు పెట్టింది. వేగంగా పోగలవాడిదే బాధ్యత అన్న ఈ సూత్రం గంట నిబంధన కంటే న్యాయమైనది.

మూతపడిన రైలుమార్గంపై 1979-1986 మధ్య నిర్మించిన బ్రిస్టల్-బాత్ బాట వంటివి, సుమారు 21 కిలోమీటర్ల పొడవునా నడకనూ సైకిలునూ ఒకే తారుబాట మీదికి తెచ్చి, ఈ సూత్రం అవసరాన్ని నగరాలకూ తీసుకువచ్చాయి. పాదచారులకు దగ్గరగా గాని వేగంగా గాని, ముఖ్యంగా వెనుక నుంచి దాటవద్దనీ, వారిలో చెవిటివారు, చూపులేనివారు ఉండవచ్చుననీ 2022లో సవరించిన బ్రిటిష్ రహదారి నియమావళి సైకిలిస్టులకు గుర్తుచేస్తోంది.