వెలివేయుట, లెక్క అడుగుట: తెలుగు నేలపై బహిరంగ జవాబుదారీతనము

గత కొన్నేళ్లుగా ‘క్యాన్సిల్ కల్చర్’ అనే మాట మన సంఘములలోని యువకుల నోట కూడా వినబడుతున్నది. ఒకడు అన్న మాటకో చేసిన పనికో పదిమంది కలిసి అతనిని బహిరంగముగా దూరము పెట్టుట, అతని పనిని, పేరును, వేదికను లేకుండా చేయుట దీని భావము. బలవంతులను నిలదీయుటకు బలహీనులకు దొరికిన ఆయుధమిదే అని కొందరంటారు. విచారణ లేని శిక్ష అని మరికొందరంటారు. మాట క్రొత్తదే గాని విషయము మనకు క్రొత్తది కాదు. మన తెలుగు బైబిలులోనే ఇందుకు సంబంధించిన రెండు పాత మాటలున్నవి. యోహాను 9:22లో పుట్టుగ్రుడ్డివాని తల్లిదండ్రులు ‘వెలి’కి భయపడతారు. లూకా 16:2లో యజమానుడు తన గృహనిర్వాహకుని ‘లెక్క’ అడుగుతాడు. ఈ రెంటినీ ఒకే పనిగా తలంచుట నేటి వాదములలోని పెద్ద లోపము. వెలివేయుట ఒకటి, లెక్క అడుగుట మరియొకటి. మొదటిది జరిగిన చోట రెండవది చాలాసార్లు జరగనే లేదని చరిత్ర చూపుతున్నది.

యోహాను సువార్తలోని మాటను కొంచెము ఆగి చూద్దాము. ‘అపోసునగోగోస్’ అనే గ్రీకు పదము క్రొత్త నిబంధనలో యోహాను మాత్రమే, అదియు మూడు సార్లే (9:22, 12:42, 16:2) వాడాడు. సమాజమందిరమునకు వెలుపలివాడు అని దాని అర్థము. తొమ్మిదవ అధ్యాయములో ఆ తల్లిదండ్రులు ఏ నేరమూ చేయలేదు. అయినను తమ కుమారునికి చూపు ఎట్లు వచ్చినదో చెప్పక, అతనినే అడగండని తప్పుకొంటారు. వెలి యొక్క బలము ఇక్కడే ఉన్నది. అది వెలివేయబడినవానిని ఎంత బాధించునో, ప్రక్కన నిలిచినవాని నోరును అంతగా మూయించును.

రాజమహేంద్రవరములో

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహమును జరిపించారు. హిందూ వితంతువుల పునర్వివాహము చట్టబద్ధమై అప్పటికి 25 సంవత్సరములు. 1856లోనే చట్టము వచ్చినది. కాని చట్టము పుస్తకములో ఉన్నది, కులము వీధిలో ఉన్నది. పెళ్లికి వెళ్లినవారిని, వారితో కలిసి భోజనము చేసినవారిని వెలివేస్తూ పీఠాధిపతి నుండి శ్రీముఖము వచ్చినది. వంటవారు రాలేదు, నీళ్లు తెచ్చువారు మానుకొన్నారు, పురోహితులు ఆ గడప త్రొక్కలేదు. పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొని వచ్చారు. మొదట ఉత్సాహముతో వెంట నిలిచిన స్నేహితులలో అనేకులు ప్రాయశ్చిత్తము చేసుకొని తిరిగి కులములో చేరిపోయారు.

ఆ శ్రీముఖము ఏమి అడిగినదో గమనించవలెను. బాల్యములోనే విధవయైన ఆ పిల్లకు ఇంతకాలము జరిగినది న్యాయమా అని అది అడగలేదు. ఆ పెళ్లివలన ఎవరికి ఏ హాని కలిగినదనియు అడగలేదు. ఎవరి ఇంట ఎవరు భోజనము చేసినదీ మాత్రమే విచారించినది. వెలి ఒకని నుండి మరియొకనికి అంటుకొనును. నేరముతో దానికి పని లేదు, సంబంధముతోనే పని. ప్రాయశ్చిత్తము చేసుకొన్నవారు కూడా తాము చేసినది తప్పు అని నమ్మి చేసినది అరుదు. ఇంటిలో పెళ్లికెదిగిన కూతురు ఉన్నది, పితృకార్యమునకు బ్రాహ్మణులు కావలెను, అంతే. వారిని పిరికివారని తీసివేయుటకు ముందు మన సంఘములలో మనము దేనికి భయపడి నోరు మూసుకొంటున్నామో చూచుకొనుట మంచిది.

ఆశ్చర్యమేమనగా, బహిరంగముగా పేరుపెట్టి ప్రశ్నించుటను తెలుగువారికి నేర్పినవారిలో కూడా ఈ వీరేశలింగం గారే ముందున్నారు. 1874లో ఆయన స్థాపించిన ‘వివేకవర్ధని’ పత్రిక ఉద్యోగుల లంచములను, న్యాయస్థానములలోని అక్రమములను బయటపెట్టినది. వకీళ్ల మోసములపై ఆయన ‘వ్యవహార ధర్మబోధిని’ అనే ప్రహసనము వ్రాశారు. ఆ వ్రాతలలో ఎగతాళి ఎక్కువే. వాటివలన నొచ్చుకొన్నవారందరూ దోషులే అని మేము చెప్పబోము. అయినను అక్కడ ఆరోపణ ఉన్నది. ఏ పని తప్పో చెప్పుట ఉన్నది. కాదనువాడు మారు వ్రాయవచ్చును, న్యాయస్థానమునకు పోవచ్చును. శ్రీముఖమునకు మారు వ్రాయుటకు చోటే లేదు.

ఆ తరువాతి శతాబ్దములో వెలి మరింత క్రూరమైన రూపము ధరించినది. 1991లో నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఒక సినిమా హాలులో మొదలైన తగాదా దళితుల సాంఘిక బహిష్కరణగా మారినది. వారిని పొలము పనులకు పిలుచుట మానివేశారు. ఆగస్టు 6న 8 మంది దళితులు చంపబడ్డారు. ప్రత్యేక న్యాయస్థానమును ఆ గ్రామములోనే నెలకొల్పి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేశారు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది. వెలి వేయుటకు కొద్ది దినములు చాలినవి. లెక్క కొరకు 23 సంవత్సరములు తిరిగినా అది తేలలేదు. ఎస్సీ, ఎస్టీలపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణను విధించుటను, విధిస్తామని బెదిరించుటను ప్రత్యేకముగా నేరమని పేర్కొన్నది 2015 నాటి చట్ట సవరణ.

పట్టణములలో వెలి పోయినదనుకొనుట పొరపాటు. 2018 ఏప్రిల్‌లో చిత్రపరిశ్రమలో స్త్రీలపై లైంగిక దోపిడీ జరుగుతున్నదని నటి శ్రీరెడ్డి హైదరాబాదులో బహిరంగముగా నిరసన తెలిపినప్పుడు, మొదట వెలి పడినది ఆమెపైనే. తమ సభ్యులెవరూ ఆమెతో నటించరని నటీనటుల సంఘము ప్రకటించినది. విమర్శలు పెరిగి, జాతీయ మానవ హక్కుల సంఘము కూడా కల్పించుకొన్న తరువాత ఆ నిషేధము తొలగినది. ఆమె నిరసన తెలిపిన పద్ధతి నచ్చనివారు మన పాఠకులలో ఉండవచ్చును. కాని లెక్క అడిగినవారినే వెలివేయుట యోహాను తొమ్మిదవ అధ్యాయమంత పాతది.

ఇబ్రహీంపట్నములో

ఇప్పుడు రెండవ మాటకు వద్దాము. ఇబ్రహీంపట్నమనగానే కృష్ణా తీరములోని ఊరు కొందరికి జ్ఞాపకము రావచ్చును. మేము చెప్పుచున్నది హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ వెళ్లు దారిలో, కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువు ఉన్న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము. లెక్క అడుగుట ఈ ప్రాంతమునకు అలవాటే. 1980లలో ఈ తాలూకాలోని భూమిలేని కూలీలు, వారిలో ఎక్కువ మంది దళితులు, సంఘముగా కూడి జీతగాళ్ల విడుదల కొరకు, తమకు రావలసిన భూముల కొరకు పోరాడారు. వారితో కలిసి పనిచేసిన గీతా రామస్వామి గారి జ్ఞాపకముల పుస్తకము 2022లో వెలువడినది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976 నుండి ఉన్నది. దానిని కాగితము నుండి పొలము గట్టుకు తెచ్చినది ఇటువంటి కూలీలే.

అదే 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నము ప్రభుత్వ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరము జరిగినది. 34 మంది స్త్రీలకు ఒకే దినమున, పొట్టపై చిన్న రంధ్రములు చేసి చేయు పద్ధతిలో ఆపరేషన్లు చేశారు. కొద్ది దినములలోనే వారిలో నలుగురు చనిపోయారు. అందరూ చిన్న బిడ్డల తల్లులు, చుట్టుప్రక్కల పల్లెల పేద కుటుంబములవారు. మిగిలినవారిని హైదరాబాదులోని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించారు. ఇన్‌ఫెక్షన్ వలన ఈ మరణములు సంభవించినట్టు తేలినది. ప్రభుత్వము మృతుల కుటుంబములకు 5 లక్షల రూపాయలు, ఇల్లు, పిల్లలకు చదువు ప్రకటించినది. ఆసుపత్రి సూపరింటెండెంటును సస్పెండు చేశారు. ఆపరేషన్లు చేసిన వైద్యుని లైసెన్సును తాత్కాలికముగా రద్దు చేశారు. తరువాత విచారణ నివేదికపై 13 మంది సిబ్బందిపై చర్యలు తీసుకొన్నారు.

ఈ చర్యలు అవసరమే. తప్పు చేసినవారిని ఆ బల్ల దగ్గర మరల నిలబెట్టుట మరింత తప్పు. అయితే లైసెన్సు రద్దయిన మాట మొదటి దినములలోనే పత్రికలన్నిటిలో వచ్చినది. అప్పటికి పరికరములు ఎట్లు శుభ్రపరచబడినవో లోకమునకు ఇంకా తెలియదు. రద్దు చేయుట వేగముగా జరుగును, తెలిసికొనుట నెమ్మదిగా జరుగును. ప్రజల కోపము మొదటిదానితోనే చల్లారిపోవుట సహజము.

ఇది మొదటిసారి జరిగిన సంగతి కాదు. 2012 జనవరిలో బీహారులోని అరరియా జిల్లాలో 53 మంది స్త్రీలకు ఒక పాఠశాల భవనములో సుమారు రెండు గంటలలో ఆపరేషన్లు చేశారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరములలో ఆపరేషన్లు చేయించుకొన్నవారిలో 13 మంది చనిపోయారు. అక్కడ ఒక్క వైద్యుడే ఒక శిబిరములో 83 మందికి ఆపరేషన్ చేశాడు. ఆయనను అరెస్టు చేశారు. ఆ సంవత్సరము జనవరిలోనే, 50,000 ఆపరేషన్లు చేసినందుకు, రాష్ట్ర ప్రభుత్వము ఆయనను సన్మానించి ఉన్నది. సంఖ్యకు శాలువా కప్పినవారే సంఖ్యకు సంకెళ్లు వేశారు. ఆ శాలువా కప్పినవారు ఏ లెక్క చెప్పారు?

అరరియా విషయమై దేవికా బిశ్వాస్ వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న ఇచ్చిన తీర్పు ఇక్కడ ముఖ్యము. ఆ తీర్పు ఒక వైద్యుని పేరుతో ఆగలేదు. ఇట్టి శిబిరములను మూడేళ్లలో మానివేయవలెననెను. లక్ష్యముల పేరిట స్త్రీలను బలవంతపెట్టకుండ చూడవలెననెను. ఆపరేషన్ చేయు వైద్యుల జాబితాలు, మరణములపై జరిగిన విచారణల వివరములు ప్రజలకు అందుబాటులో ఉంచవలెననెను. లెక్క అనగా ఇది. తీర్పు ప్రకారము 2019 నాటికి శిబిరములు ఉండకూడదు. ఇబ్రహీంపట్నములో శిబిరము జరిగినది 2022లో. ఇంకొక సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో వివాహిత స్త్రీలలో 37.9 శాతము మంది స్త్రీ ఆపరేషన్‌పై ఆధారపడగా, పురుషుల ఆపరేషన్ 0.3 శాతము మాత్రమే. దీనికి ఏ సూపరింటెండెంటును సస్పెండు చేయగలము? మన విశ్వాసుల ఇండ్లలోని భర్తలు కూడా ఆ లెక్కలో ఉన్నారు.

సంఘములో

సంఘ క్రమశిక్షణ గురించి వ్రాయువారు సాధారణముగా మొదటి కొరింథీ ఐదవ అధ్యాయముతో మొదలుపెడతారు. అక్కడ పౌలు ఒకనిని సంఘము నుండి తొలగించమంటాడు. రెండవ పత్రిక రెండవ అధ్యాయములో మాత్రము, శిక్ష చాలినది, ఇక క్షమించి ఆదరించండి, లేకపోతే అతడు దుఃఖములో మునిగిపోవును అంటాడు. ఇద్దరూ ఒకరేనా అనునది పాత వివాదము. క్రిసోస్తోము ఒకరే అన్నాడు. తెర్తుల్లియను కాదన్నాడు. ఒకరు కాకపోయినను, పౌలు విధించిన శిక్షకు ఒక ముగింపు ఉన్నదనుట స్పష్టము. రాజమహేంద్రవరపు శ్రీముఖమునకు కూడా ప్రాయశ్చిత్తమనే ముగింపు ఉన్నది గదా అని విద్యార్థులు అడగవచ్చును. నిజమే. అయితే అది లొంగిపోయినవానికి దొరకు ముగింపు. తప్పు సరిదిద్దబడుటతో దానికి సంబంధము లేదు.

ఈ భేదమును జక్కయ్య వృత్తాంతము (లూకా 19) వలె చూపునది మరియొకటి లేదు. యెరికో ప్రజలు ఆయనను చాలాకాలముగా పాపి అని దూరము పెట్టియే ఉన్నారు. ఆ వెలివలన వారి సొమ్ములో ఒక్క కాసు తిరిగి రాలేదు. యేసు ఆ ఇంటికి బసకు వెళ్లిన దినమున, ఆస్తిలో సగము బీదలకు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు అని లెక్క బయటికి వచ్చినది. ప్రభువు ఆ అంకెలను వద్దనలేదని కూడా బోధకులు చెప్పవలెను. కృపను బోధించుచు ఆ నాలుగంతలను వదలివేయు ప్రసంగములు మేము చాలా విన్నాము. నష్టపోయినవాడు ఆ ప్రసంగమును ఏ మనస్సుతో వినునో తలంచుకోవలెను.

అధికారములో ఉన్నవానిని లెక్క అడిగిన సందర్భములు సంఘ చరిత్రలో లేకపోలేదు. థెస్సలొనీకలో జరిగిన ఊచకోత తరువాత 390లో మిలాను బిషప్పు అంబ్రోసు థియోదోసియ చక్రవర్తిని బహిరంగ పశ్చాత్తాపము లేకుండ ప్రభువు బల్లకు రానియ్యలేదు. మన గ్రామ సంఘములలో బల్లకు దూరముగా ఉంచబడువారెవరు? ఎక్కువగా కులాంతర వివాహము చేసికొన్న ఆడపిల్ల, త్రాగుబోతైన కూలి, పెద్దలకు ఎదురు చెప్పిన యౌవనస్థుడు. సంఘపు స్థలము ఎవరి పేర ఉన్నదో, కానుకల పుస్తకము ఎవరి ఇంట ఉన్నదో అడిగినవాడు కూడా ఆ వరుసలో నిలబడవలసి వచ్చుచున్నది.

మత్తయి 18:15ను బట్టి మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడవలెనని కాపరులు చెప్పుట సరియే. కాని ఆ వచనము సమానుల మధ్య తగాదాకు చెప్పబడినది. అదే అధ్యాయము చిన్నవారిని అభ్యంతరపరచువానికి తిరుగటిరాయిని చూపించిన తరువాతనే ఆ వచనము వచ్చుచున్నది. హాని పొందిన బాలికను, హాని చేసిన పెద్దమనిషి దగ్గరకు ఒంటరిగా వెళ్లి రాజీపడమనుట వాక్యోపదేశము కాదు. అట్టి విషయమును పోలీసులకు తెలియజేయుట 2012 పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము కాపరికి కూడా విధి. పదిమంది, అంతకు మించి పనిచేయు సంస్థలలో, వేదాంత కళాశాలలతో సహా, లైంగిక వేధింపులపై ఫిర్యాదుల కమిటీ ఉండవలెనని 2013 చట్టము చెప్పుచున్నది.

ఇక క్రమశిక్షణ తీర్మానముల మాట. తీర్మానముల పుస్తకములో సభ్యుని పేరు, “బల్ల నుండి నిలిపివేయడమైనది” అనే మాట మాత్రమే వ్రాసి సంతకములు పెట్టుట అనేక చోట్ల వాడుక. ఏ పని గురించి, ఎవరి ఫిర్యాదుపై, అతడు చెప్పిన జవాబేమి, నష్టపోయినవారికి ఏమి చేయవలెను, ఎంతకాలమునకు మరల విచారించవలెను అనునవి కూడా అదే పుటలో వ్రాయవచ్చును. కాపరిపైనను, కోశాధికారిపైనను వచ్చిన ఫిర్యాదులకు కూడా ఆ పుస్తకములో అవే పుటలుండవలెను.