శామీర్‌పేట రోడ్డు మీద కరోనా కాలం: ఒక సెట్ కార్మికుడి చరిత్ర పాఠం

ఈరోజు చెప్పబోయేది మొన్నమొన్నటి చరిత్రే, కానీ అప్పుడే సగం మర్చిపోయాం. కరోనాలో తెలుగు సినిమా అనగానే అందరూ ఓటీటీ గురించి చెప్తారు. నేను రోజుకూలీ గురించి చెప్తాను. ఎందుకంటే ఈ వీడియోలు మొదలుపెట్టక ముందు ఎనిమిదేళ్లు నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. సెట్ వెయ్యడం, రంగు కొట్టడం, ప్యాకప్ అయ్యాక అంతా విప్పి లారీకెక్కించడం.

2020 మార్చి 15, ఆదివారం. శామీర్‌పేట చెరువుకి కొద్ది దూరంలో ఒక ఫామ్‌హౌస్‌లో పెళ్లి పందిరి సెట్ వేస్తున్నాం. ముందురోజే ప్రభుత్వం థియేటర్లు మూసెయ్యమంది. ఆరోజు మేనేజర్ వచ్చి, రేపటి నుంచి షూటింగులు కూడా బంద్, ఫిల్మ్ చాంబర్ చెప్పేసింది అన్నాడు. మా వడ్రంగి మేస్త్రీని నేను అన్నా అనే పిలిచేవాణ్ణి. "పదిహేను రోజులే కదరా. బంతిపూలు మాత్రం మళ్ల కొనాలె" అన్నాడు. పందిరి అట్లాగే వదిలేసి ఇంటికొచ్చాం. అప్పటికి నాకు తొమ్మిది రోజుల కూలీ రావాలి.

తర్వాత వారం జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌన్. నేను మేడ్చల్‌లో ఒక రూములో అద్దెకుండేవాణ్ణి. రెండో నెల అద్దెకే చేతులెత్తేశాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. పని ఆగిన రోజే మా చేతిలో డబ్బు ఎందుకు ఆగింది? మొదట్నుంచీ ఇట్లా లేదు. మద్రాసులో వాహినీ లాంటి పెద్ద స్టూడియోలు నడిచిన రోజుల్లో సిబ్బందికి నెల జీతాలుండేవి. అంతెందుకు, 1951లో వచ్చిన 'పాతాళభైరవి' రోజుల్లో ఎన్టీ రామారావు గారు విజయా సంస్థలో నెలకు 500 రూపాయల జీతం మీద పనిచేశారు. హీరోకే నెల జీతం! స్టూడియో అంటే అప్పుడు ఒక ఫ్యాక్టరీ లాంటిది. షూటింగ్ ఉన్నా లేకపోయినా ఒకటో తారీఖు వచ్చేది.

తర్వాత స్టూడియోలు సొంతంగా సినిమాలు తియ్యడం తగ్గించి, ఫ్లోర్లు అద్దెకివ్వడం మొదలుపెట్టాయి. పరిశ్రమ మెల్లగా హైదరాబాద్‌కి వచ్చింది. అక్కినేని గారి అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. ఇక్కడికి వచ్చేసరికి మాలాంటి వాళ్లకి జీతం అన్న మాటే పోయింది. కాల్‌షీట్‌కి ఇంత, పైన బేటా ఇంత, అంతే. పొద్దున్నే కృష్ణానగర్‌లో నిలబడితే పని, లేకపోతే లేదు. యూనియన్లు పోరాడి రేట్లు పెంచుకున్నాయి, నిజమే. కానీ పెరిగింది పని చేసిన రోజు రేటు. పని లేని రోజుకి రేటు ఎవ్వరూ రాయలేదు. ఆ లోటు మామూలు రోజుల్లో కనపడదు. 2020లో కనపడింది.

మార్చి చివర్లో చిరంజీవి గారి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ పెట్టారు. హీరోలు విరాళాలిచ్చారు, కార్మికుల ఇళ్లకి బియ్యం, పప్పులు వెళ్లాయి. నాకప్పటికి యూనియన్ కార్డు రాలేదు, అందుకే లిస్టులో నా పేరు లేదు. అన్న తనకొచ్చిన సామాన్లలో సగం స్కూటీ మీద పెట్టుకుని పోలీసుల్ని తప్పించుకుంటూ మేడ్చల్ తెచ్చిచ్చాడు. ఆ కందిపప్పు మే దాకా సరిపెట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే మేడ్చల్ హైవే చూశాను. అది 44వ నంబరు జాతీయ రహదారి, నాగపూర్ వైపు వెళ్లేది. నెత్తిన సంచులు, చంకలో పిల్లలు, చెప్పుల్లేని కాళ్లు. బిహార్‌కి, యూపీకి నడిచిపోతున్నారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఆ తర్వాత కూడా ఈ రోడ్డు మీద నడిచేవాళ్లు ఆగలేదు. ఊళ్లోవాళ్లు పెట్టిన అన్నం శిబిరంలో నేను నీళ్ల ప్యాకెట్లు పంచేవాణ్ణి. నిజం చెప్పాలంటే, మధ్యాహ్నం భోజనం అక్కడ దొరుకుతుందని కూడా వెళ్లేవాణ్ణి.

జూన్‌లో షూటింగులకి అనుమతి వచ్చింది. ముందు సీరియళ్లు, తర్వాత చిన్న సినిమాలు. పెద్దవాళ్లు ఆగారు. 'ఆర్ఆర్ఆర్' లాంటిది మళ్లీ మొదలైంది అక్టోబర్‌లోనే. సిటీలో అపార్ట్‌మెంట్ల వాళ్లు షూటింగ్ అంటే గేటు కూడా తియ్యలేదు. అప్పుడు అందరి చూపూ మా వైపు పడింది. మేడ్చల్, శామీర్‌పేట అంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే, చుట్టూ ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, మూతపడ్డ కాలేజీలు. యూనిట్‌ని లోపల పెట్టి గేటుకి తాళం వేస్తే బయో బబుల్ అయిపోయింది. ఆర్టిస్టులకి రూములు, మాకు డైనింగ్ హాల్లో చాపలు. ఇరవై రెండు రోజులు గేటు దాటలేదు. ఒక చిన్న సంగతి చెప్తాను: సెట్లో తలుపులకి కొత్తగా రంగేస్తే, అందరి చేతుల మీదున్న శానిటైజర్‌కి ఆ రంగు మచ్చలు మచ్చలుగా లేచిపోయేది. రోజూ పొద్దున్నే మళ్లీ టచప్ చెయ్యడమే నా పని.

ఆ తీసినవన్నీ ఏమయ్యాయో మీకు తెలుసు. 2020 ఉగాదికి మొదలైన ఆహా, ఇంకా మిగతా ఓటీటీలు కొనుక్కున్నాయి. 'వి' సెప్టెంబర్ 5న, 'కలర్ ఫోటో' అక్టోబర్ 23న నేరుగా ఫోన్లలోకి వచ్చాయి. డిసెంబర్ 25న 'సోలో బ్రతుకే సో బెటర్' హాళ్లలోకి వచ్చింది, సగం సీట్లతో.

అసలు విషయం ఇంకోటుంది. మేం పనిచేసే ఆ శామీర్‌పేట రోడ్డు, అంటే కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ. భారత్ బయోటెక్ కోవాగ్జిన్ తయారుచేసింది అక్కడే. 2020 నవంబర్ 28న ప్రధాని మోదీ హకీంపేటలో దిగి ఆ కంపెనీకి వెళ్లారు. ఆరోజు మా ప్లైవుడ్ లారీ పోలీసులు ఆపేస్తే రోడ్డు పక్కన నిలబడిపోయింది. అన్న నవ్వి, "మందు మన పక్కనే అవుతుందిరా, ముందు మనకే ఇస్తరు" అన్నాడు. జనవరి 3న దానికి అత్యవసర అనుమతి వచ్చింది.

2021 ఏప్రిల్‌కి రెండో వేవ్. టీకా అప్పటికి 45 దాటినవాళ్లకే. ఏప్రిల్ 22 నుంచి చిరంజీవి గారి చారిటీ ఆ వయసు దాటిన సినీ కార్మికులకి ఉచితంగా వేయించింది. అన్నకి 43. మే 1 నుంచి 18 దాటిన అందరికీ అన్నారు. అన్నకి ఏప్రిల్ 27న జ్వరమొచ్చింది. సెట్లో పనిచేస్తుండగానే.

పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికాడు. ఆస్పత్రి ఖర్చుకి వదిన పుస్తెలతాడు, స్కూటీ పోయాయి. మేనేజర్ ఒకసారి ఫోన్ చేశాడు, అన్న స్థానంలో వేరే మేస్త్రీ దొరుకుతాడా అని. మే 12న లాక్‌డౌన్ పెట్టడంతో అదీ ఆగింది. ఇప్పుడు అన్న నిచ్చెన నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వడ్రంగి మేస్త్రీ నిచ్చెన ఎక్కలేకపోతే సెట్లో పనేముంటుంది? మేడ్చల్ బస్టాండ్ దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్నాడు.

మూడేళ్లకోసారి పెరగాల్సిన కూలీ కరోనా పేరు చెప్పి పెరగలేదు. 2022 జూన్ 22న కార్మికులు పని ఆపేశారు, షూటింగులన్నీ నిలిచిపోయాయి. అప్పటికి నాకు కార్డు వచ్చింది. ఆరోజు పొద్దున బండి దగ్గరికి వెళ్తే, అన్న ఇడ్లీ పెడుతూ ఎంత అడుగుతున్నరు అని అడిగాడు. చెప్పాను. "పని లేని రోజులకు గురించి అడిగిండ్రా?" అన్నాడు. లేదన్నాను. చట్నీ వెయ్యాలా అని పక్కనాయన్ని అడిగాడు.

నా తొమ్మిది రోజుల డబ్బు ఇంకా రాలేదు. ఆ సినిమా ఆగిపోయింది, ఆ ఆఫీసు ఖాళీ చేసేశారు. యూనియన్ కార్డు ఎట్లా వస్తుంది, దానికి ఎంత కట్టాలి అన్నది వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటాను.