కంప్యూటరు మందగించుట

ఇంటి కంప్యూటరు కొన్న నాటి కంటె నిదానంగా పనిచేయుటను, అనగా ప్రోగ్రాములు తెరుచుకొనుటకు, ఫైళ్ళు భద్రపరచుటకు ఎక్కువ సమయం తీసుకొనుటను కంప్యూటరు మందగించుట అంటారు. బండి చక్రం వలె ప్రాసెసరు వాడకంతో అరిగి నిదానించదు. కొత్త ప్రోగ్రాముల వలన పనిభారం పెరుగుట, డిస్కు నిండుట లేక పాడగుట, దుమ్ము చేరి యంత్రం వేడెక్కుట దీనికి సాధారణ కారణాలు. కనుక ఆలస్యం ఏ భాగం వలన కలుగుతున్నదో ముందుగా గుర్తించవలెను.

వేగాన్ని నిర్ణయించే భాగాలు

ప్రాసెసరు లెక్కలు చేస్తుంది. ర్యామ్ అప్పటికి జరుగుతున్న పనికి కావలసిన సమాచారాన్ని ఉంచుకుంటుంది. డిస్కు సమాచారాన్ని శాశ్వతంగా దాస్తుంది. విద్యార్థి చదువుకొనే బల్ల ర్యామ్ వంటిది, పుస్తకాల బీరువా డిస్కు వంటిది. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తెరుచుటకు మరొకటి బీరువాలో పెట్టి రావలసి ఉంటుంది. అదే విధంగా ర్యామ్ చాలనప్పుడు కంప్యూటరు డిస్కులో కొంత భాగాన్ని ర్యామ్ వలె వాడుకుంటుంది. దీనిని వర్చువల్ మెమరీ అంటారు. 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరులో ఈ పద్ధతి ఉండేది. ఈ మార్పిడి మితిమీరినచో అసలు పని దాదాపు నిలిచిపోతుంది. ఆ స్థితికి థ్రాషింగ్ అని పేరు. దాని కారణాలను పీటర్ డెన్నింగ్ 1968లో వివరించాడు.

నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డు డిస్కుకు ఒక చుట్టు తిరుగుటకు సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి వచ్చే వరకు ప్రాసెసరు వేచి ఉండవలసినదే. సాలిడ్ స్టేట్ డిస్కులో (ఎస్.ఎస్.డి.) తిరిగే భాగాలు లేవు కనుక ఈ నిరీక్షణ ఉండదు.

కారణాన్ని గుర్తించుట

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్ 8 మరియు తరువాతి వాటిలో ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఎంత శాతం పనిలో ఉన్నవో ఇందులో చూడవచ్చును. ఏది ఎక్కువసేపు 100 శాతానికి దగ్గరగా ఉంటుందో అదే ఆలస్యానికి మూలం కావచ్చును.

హార్డు డిస్కు టకటకమని శబ్దం చేయుట, ఫైళ్ళు తెరుచుకొనకపోవుట దాని అవసాన దశకు సూచనలు. అట్టి సమయంలో వేగం సంగతి పక్కన పెట్టి, ఫోటోలు, పత్రాలు మొదలగు వాటిని వెంటనే వేరొక డిస్కులోనికి నకలు చేయవలెను. పాడగుచున్న డిస్కును డీఫ్రాగ్మెంట్ చేసినచో శ్రమ పెరిగి, ఉన్న సమాచారం కూడా పోవచ్చును.

ఖర్చు లేని ఉపాయాలు

* కంప్యూటరుతో పాటు తమంతట తామే మొదలయ్యే అనవసరపు ప్రోగ్రాములను ఆపివేయుట.
* వాడని ప్రోగ్రాములను తొలగించి డిస్కులో ఖాళీ ఉంచుట.
* కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యానులోని దుమ్ము తొలగించుట. వేడి మితిమీరినచో ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.
* హార్డు డిస్కులో ముక్కలుగా చెదరిన ఫైళ్ళను డీఫ్రాగ్మెంటేషన్ ద్వారా ఒకచోట చేర్చుట. ఇది ఎస్.ఎస్.డి.కి అవసరం లేదు.

రిజిస్ట్రీని శుభ్రపరచి వేగం పెంచుతామనే ప్రోగ్రాముల వలన ప్రయోజనం స్వల్పం, ప్రమాదం అధికం.

భాగాలు మార్చుట

హార్డు డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. అమర్చినచో పాత కంప్యూటరులో కూడా స్పష్టమైన మార్పు కనిపిస్తుంది. ర్యామ్ కొనే ముందు దాని రకం చూడవలెను. డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 అమరదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను మార్చుటకు వీలుండదు. ఇళ్ళలో వాడే 32 బిట్ల విండోస్ 4 జీబీకి మించిన ర్యామ్‌ను వాడుకొనలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్

విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్‌తో పాటు టీపీఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయం కావలెను. అందువలన చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలు కూడా అనేకం దీనికి అర్హం కావు. వాటిని పారవేయనవసరం లేదు. లుబుంటు వంటి తేలికైన లినక్సు రకాలను ఉచితంగా స్థాపించుకొని చదువుకు, ఉత్తరాలకు, అంతర్జాలానికి వాడుకొనవచ్చును. అయితే స్థాపన సమయంలో డిస్కులోని సమాచారం చెరిగిపోవచ్చును కనుక ముందే నకలు తీసుకొనవలెను.